ఇరవై నాలుగున మంచు తుఫాను

రెజిమెంటల్ బజార్ వెనక ఉన్న ఆ చర్చిలో ఆదివారం ఆరాధన చివర ప్రకటనలు చదువుతారు. పెళ్లి పిలుపులు, స్త్రీల సమాజం మీటింగు, ఎవరికో ఆపరేషన్, దానికి ప్రార్థన విన్నపం, అన్నీ అయ్యాక పాస్టరు ఆర్థర్ అయ్యగారు కళ్లజోడు సవరించుకుని, "జకర్యా గారూ, ఈ వారం ఎలా ఉంటుందంటారు?" అని అడిగేవారు. మూడో వరసలోంచి జకర్యా లేచేవాడు. అతను వాతావరణ ఆఫీసులో పరిశీలకుడు. జేబులోంచి ఆఫీసు బులెటిన్ చీటీ తీసి, ఎండ, వాన, చలి, గాలి గురించి నాలుగు ముక్కలు చదివి కూర్చునేవాడు. ఎవరూ ఆమేన్ అనేవారు కాదు గానీ, అన్నంత పనీ చేసేవారు.

ఇది ఇరవై రెండేళ్ల ఆనవాయితీ. బయటికి వచ్చేటప్పుడు రిటైరైన టీచరు రోసమ్మ గారు మెట్ల మీద ఆపి, "వచ్చే ఆదివారం గొడుగు తెచ్చుకోవాలా నాయనా?" అని అడిగేది. వద్దంటే తెచ్చేది కాదు. తెచ్చుకోమంటే ఎండ మాడ్చేస్తున్నా తెచ్చేది. ఆవిడ చేతిలో గొడుగు చూసి మిగతా ఆడవాళ్లు ఇళ్లకు పరిగెత్తి ఆరేసిన బట్టలు తీసుకునేవారు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి? ఆఫీసులో ప్రమోషన్ రాలేదు, పై వాళ్లకి ఇతని పేరు కూడా సరిగ్గా గుర్తుండదు. చర్చి గేటు దాటి లోపలికొస్తే మాత్రం జకర్యా మాటే వాతావరణం.

ఈ వైభవం మధ్యలోకి వచ్చి పడ్డాడు రిచర్డ్.

బోయిన్‌పల్లిలో పుట్టినవాడే గానీ, మిలిటరీ స్టోర్సులో పనిచేసి దేశమంతా తిరిగి, ఆఖరి రెండు చలికాలాలు శ్రీనగర్‌లో గడిపి రిటైరయ్యాడు. చర్చికి రావడం మొదలుపెట్టి పది నెలలు కాలేదు, అప్పుడే అందరికీ చుట్టమైపోయాడు. ఆరాధన అవడం ఆలస్యం, చింతచెట్టు కింద చేరేవాడు. "మోకాళ్ల దాంక మంచు! పొద్దుగాల తలుపు తీస్తే ఎదురుంగ తెల్లటి గోడ. నోట్లకెల్లి మాట రాదు, పొగొస్తది," అని చెప్తుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు. పిల్లలంటే సరే, చిన్నవాళ్లు. పెద్దవాళ్లకేమొచ్చింది? జకర్యా భార్య ప్రేమమణి సైతం ఒకనాడు ఆ గుంపులో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

"ఏముందే అంత నవ్వడానికి?" అని ఇంటికొచ్చాక నిలదీశాడు జకర్యా.

"ఆయన చెప్పు మంచులో కూరుకుపోయి, మళ్లీ ఎండలు ముదిరాక గానీ బయటపడలేదటండీ. అప్పటిదాకా ఒంటి చెప్పు దాచుకున్నాట్ట!" అని ఆవిడ ఇంకోసారి నవ్వింది. పాతికేళ్ల కాపురంలో వాతావరణం గురించి మొగుడు ఏం చెప్పినా ఆవిడకి నవ్వు రాలేదు. జకర్యాకి కడుపు భగ్గుమంది.

అసలు బాధేమిటంటే, జకర్యా మంచు కురవడం ఎన్నడూ చూడలేదు. వాళ్ల ఆఫీసులో ఆకాశం తీరుని అంకెల్లో రాస్తారు, ఒక్కో తీరుకి ఒక్కో అంకె. అరవైలన్నీ వానలు, డెబ్బైలన్నీ మంచు. ఆ డెబ్బైలు జకర్యాకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. డెబ్బైఒకటి అంటే ఆగకుండా పల్చగా, డెబ్బైమూడు అంటే ఆగకుండా ఓ మోస్తరుగా, డెబ్బైఅయిదు అంటే దట్టంగా. ఇరవై రెండేళ్లలో వాటిలో ఒక్క అంకె అయినా రిజిస్టరులో రాసే యోగం పట్టలేదు. అన్నీ చదివి కూర్చున్నవాడికి చెంచాడు దొరకలేదు, స్టోర్సులో బూట్లు సర్దుకునేవాడికి మోకాళ్ల దాకా దొరికింది! ఇదేం న్యాయం అని ప్రార్థనలో కూడా అడిగాడు. జవాబు రాలేదు.

క్రిస్మస్ ముందరి నాలుగు ఆదివారాల్లో మొదటినాడు జకర్యా ఆ వారం సంగతే కాకుండా చలికాలం మొత్తం ఎలా ఉండబోతోందో చెప్పేవాడు. ఏడాదంతటికీ అదే అతని పెద్ద రోజు. ఆ ఏడు ఇస్త్రీ కోటు వేసుకుని లేచి, ఉత్తరపు గాలులు ఎప్పుడు తిరుగుతాయో, పొద్దుటి పూట చలి ఎన్ని డిగ్రీలకి దిగుతుందో నిదానంగా చెప్పాడు. ఇంకా కూర్చోకముందే వెనక వరసలోంచి రిచర్డ్ చెయ్యెత్తాడు.

"సార్, మంచు పడే ఛాన్స్ ఏమన్న ఉన్నదా?"

అందరూ నవ్వారు. జకర్యా మాత్రం నవ్వలేదు. "సికింద్రాబాదులో మంచు పడదు. ఇంతకు ముందు పడలేదు, ఇక ముందు పడబోదు," అన్నాడు.

"పడ్తది సార్. ఇర్వై నాలుగు తారీకు, రాత్రి ఏడున్నరకి. మామూలు మంచు కాదు, తుఫాను," అన్నాడు రిచర్డ్. చర్చి పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు మోగాయి. అయ్యగారు కూడా పళ్లు కనిపించేలా నవ్వేశారు. ఇరవై రెండేళ్లలో జకర్యా చెప్పిన ఏ వానకీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

రిచర్డ్ పథకం ఇదీ. బన్సీలాల్‌పేట్‌లో పరుపులు కుట్టే చోట పన్నెండు కిలోల దూది పింజలు పింజలుగా ఏకించాడు. పాత దోమతెరలు కలిపి కుట్టి, పొడవాటి జోలె చేసి, చింతకొమ్మ నుంచి గంట స్తంభం దాకా ఎత్తులో వేలాడదీస్తాడు. తాడు లాగితే జోలె ఊగుతుంది, కన్నాల్లోంచి దూది రాలుతుంది, కింద రెండు పెద్ద ఫ్యాన్లు దాన్ని పైకి కిందికి ఎగరేస్తాయి. యేసు పుట్టుక నాటకం జరుగుతుండగా జనం నెత్తిన మంచు తుఫాను! బెత్లెహేములో మంచేమిటని జకర్యా ఒకరిద్దరి దగ్గర గొణిగాడు గానీ ఎవరూ చెవిన పెట్టలేదు.

ఒక్కటే చిక్కు. ఏటా క్రిస్మస్ ముందు రాత్రి ఆవరణలో టార్పాలిన్ పట్టాలతో పందిరి కడతారు. పందిరి ఉంటే పైనుంచి మంచు రాలదు. పందిరి లేకపోతే, వాన పడిందంటే మూడొందల మంది తడుస్తారు. నాలుగో ఆదివారం, ఇరవై ఒకటో తేదీన, అయ్యగారు ఆ తీర్పు జకర్యాకి అప్పగించారు. "జకర్యా గారూ, మీరు ఊ అంటే పందిరి మానేద్దాం."

జకర్యా ఆ పొద్దున నైట్ డ్యూటీ దిగి, సరాసరి ఆఫీసు నుంచే వచ్చాడు. జేబులో రెండు చీటీలున్నాయి. శనివారం నాటి పాత చీటీలో, రాబోయే అయిదు రోజులూ పొడి వాతావరణం అని ఉంది. ఆ తెల్లవారే వచ్చిన కొత్త చీటీలో, బంగాళాఖాతంలో వాయుగుండం కదులుతోంది, ఇరవై నాలుగు, ఇరవై అయిదు తేదీల్లో తెలంగాణలో వానలు పడే అవకాశం ఉంది అని ఉంది.

జేబులో చెయ్యి పెట్టేదాకా అతనికి ఏ దురుద్దేశమూ లేదు. కొత్త చీటీయే తియ్యబోయాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఓ పిల్ల గొంతు, "మంచు అంకుల్, నాకు ముందు సీటు!" అంది. ఆ పిల్ల ఎవరనుకున్నారు? జకర్యా సొంత మేనకోడలు మేబెల్. చిన్నప్పటి నుంచి వాన కొలిచే గొట్టం చూపిస్తానని బతిమాలినా ఒక్కసారైనా ఆఫీసుకి రాని పిల్ల! జకర్యా వేళ్లు పాత చీటీ మీదికి జరిగాయి.

"పొడి వాతావరణం. వాన సూచనలు లేవు," అని చదివి కూర్చున్నాడు.

ఆ రోజంతా అతనికి పండగే. మధ్యాహ్నం నిద్ర పట్టక కళ్లు మూసుకుంటే చాలు, తడిసి ముద్దయిన దూది ధబ్బున రిచర్డ్ నెత్తిన పడుతున్నట్టు కనిపించేది. జనం తిట్టుకుంటూ పరిగెడుతున్నట్టు, మేబెల్ ఏడుస్తున్నట్టు కనిపించేది. రేపు ఎవరైనా అడిగితే? చూపించడానికి చీటీ ఉందిగా, దాని మీద ఆఫీసు ముద్ర ఉందిగా. తనేమీ అబద్ధం రాసి తేలేదే! ఇలా తనకు తనే వకీలై వాదించుకుని, తనకు తనే జడ్జీ అయి కేసు కొట్టేశాడు. సోమవారం రెండుసార్లు చర్చి ముందు నుంచి నడిచి, నిచ్చెన మీద చెమటలు కక్కుతూ తాళ్లు బిగిస్తున్న రిచర్డ్‌ని చూసి, "కానివ్వండి, కానివ్వండి," అని లోపల నవ్వుకున్నాడు.

మంగళవారం బజార్లో కేకుకి ఎండు ద్రాక్ష కొంటూ రోసమ్మ గారు కనిపించింది. మెడకి మఫ్లరు చుట్టుకుని ఖళ్లుఖళ్లున దగ్గుతోంది.

"డాక్టరు చల్లగాలికి తిరగొద్దన్నాడు నాయనా. అయినా రేపు రాకుండా ఎలా ఉంటాను? ఆ మంచేదో చూడాలిగా," అంది.

"గొడుగు తెచ్చుకోండి టీచరు గారూ," అని నోరు జారాడు జకర్యా.

"పొడి అన్నావుగా! ఆ ధైర్యంతోనే గొడుగు బాగుకిచ్చేశాను. పండగయ్యాక గానీ ఇవ్వనన్నాడు వాడు," అని నవ్వి వెళ్లిపోయింది.

జకర్యాకి చేతిలో సంచీ బరువైపోయింది. ఈ రెండ్రోజులూ ఆ తడిసే జనంలో అతని కళ్లు రిచర్డ్ మీదే ఉన్నాయి. ఇప్పుడు ముందు వరసలో కుర్చీలో మఫ్లరుతో రోసమ్మ గారు కూడా కూర్చుంది. రాత్రి అన్నం సహించలేదు. "ఏమైందండీ?" అని ప్రేమమణి అడిగితే, "ఏం కాలేదు," అని కసిరాడు.

ఇరవై నాలుగు పొద్దుటి డ్యూటీలో తూర్పున మబ్బు కట్టడం తన కళ్లతోనే చూశాడు. గాలిలో తేమ గంటగంటకీ పెరుగుతోంది. డ్యూటీ దిగగానే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టుకి పోయి, లారీల మీద కప్పే పెద్ద టార్పాలిన్లు రెండు అద్దెకి తీసుకుని, ట్రాలీ ఆటోలో వేసుకుని మూడింటికి చర్చికి చేరాడు. రిచర్డ్ నిచ్చెన దిగొచ్చాడు. జుట్టంతా దూది అంటుకుని ఉంది.

"ఏందీ సార్, గీ పట్టాలేంది?"

"కట్టించండి. వానొస్తుంది."

రిచర్డ్ నవ్వాడు. "నిన్న టీవీల సుత గదే అన్నరు. అయ్యగారు మస్తు పరేషాన్ అయిండ్రు. నేనేమన్ననో ఎరుకేనా సార్? టీవోడు మన చర్చోడా అన్న. మన జకర్యా సార్ పొడి అన్నరు, అయిపాయె, పొడే! మీ మాట మీద ధైర్యం జేసిన."

ఈ మాట కన్నా తిట్టినా బాగుండేది. జకర్యా జేబులోంచి కొత్త చీటీ తీసి రిచర్డ్ చేతిలో పెట్టాడు. "ఇది ఆదివారం పొద్దున వచ్చిన చీటీ. చదవకుండా దాచాను. పాతది చదివాను."

రిచర్డ్ రెండుసార్లు చదువుకున్నాడు. "మర్సిపోయిండ్రా సార్?" అని మెల్లగా అడిగాడు. పాపం, తప్పించుకునే దారి తనే చూపించాడు.

"మర్చిపోలేదు. మీరంటే ఓర్వలేక."

"నన్ను జూసి ఓర్వలేకనా? నా దగ్గరేమున్నది సార్?"

"మంచు," అన్నాడు జకర్యా.

రిచర్డ్ నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయాడు. పైన దోమతెర జోలెలో పన్నెండు కిలోల దూది గాలికి మెల్లగా ఊగుతోంది. తలెత్తి దాన్ని చూసి, "చీటీలు వద్దు. మీరు జూసి చెప్పుండ్రి. వానొస్తదా, రాదా?" అన్నాడు.

జకర్యా ఆవరణ మధ్యకి నడిచాడు. మబ్బు చూశాడు, గాలి ఎటు నుంచి వీస్తోందో మొహంతో పట్టి చూశాడు. ఇరవై రెండేళ్ల చదువంతా కళ్లల్లోకి తెచ్చుకుని, "వస్తుంది. రాత్రి ఎనిమిదిలోపు," అన్నాడు. మనస్ఫూర్తిగా నమ్మే అన్నాడు.

రిచర్డ్ లేచాడు. పట్టా ఒక కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి చీకటి పడేలోగా జోలె కింద రెండు పట్టాలూ బిగించి కట్టారు. అయ్యగారితో రిచర్డ్, "జకర్యా సార్ వానొస్తదంటుండ్రు," అని మాత్రమే చెప్పాడు. చీటీ సంగతి ఎత్తలేదు.

ఏడింటికి జనం వచ్చారు. ఏడున్నరకి పిల్లలంతా తలలెత్తి చూశారు. పైన పట్టా తప్ప ఏమీ లేదు. "మంచేదీ?" అంది మేబెల్. "వానొస్తుందటమ్మా, జకర్యా మామయ్య చెప్పాడు," అంది వాళ్లమ్మ. గొల్లలు వచ్చి వెళ్లారు, జ్ఞానులు వచ్చి వెళ్లారు. ఎనిమిదైంది. ఎనిమిదింబావైంది. జకర్యా పందిరి అంచున నిలబడి ఆకాశం వంక చూస్తూ, జీవితంలో మొదటిసారి వాన కోసం కళ్లల్లో వత్తులేసుకుని ఎదురు చూశాడు. ఒక్క చినుకు! ఒక్క చినుకు చాలు ప్రభువా!

ఎనిమిదిన్నరకి మబ్బు చెదిరింది. చుక్కలు బయటపడ్డాయి. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఆదివారమేమో పొడన్నాడు, ఇవాళేమో వానన్నాడు, పిల్లల ఆశ కాస్తా బూడిదలో పోశాడు," అని ఎవరో అననే అన్నారు. రిచర్డ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంతు తగ్గించి, జకర్యాకి ఒక్కడికే వినపడేలా అడిగాడు.

"గిది సుత గదేనా సార్?"

"కాదు రిచర్డ్ గారూ. ఒట్టు. ఇది నిజంగానే చెప్పాను."

రిచర్డ్ అతని మొహంలోకి చూశాడు. నమ్మాలని చూసినట్టే ఉంది. నమ్మలేకపోయాడు. టీవీని కాదని ఈ మాట నమ్మినవాడు, పొద్దున లేస్తే ఈ మాట మీద తాళ్లు కట్టినవాడు, తల దించుకుని పక్కకి వెళ్లిపోయాడు. అబద్ధం చెప్పినప్పుడు ఊరంతా నమ్మింది, నిజం చెప్పిన రోజున ఒక్కడూ లేడు.

ఎవరూ చెప్పకుండానే గంట స్తంభం దగ్గరికి పోయి పట్టా ముడులు విప్పడం మొదలుపెట్టాడు. వేళ్ల చర్మం లేచిపోయింది. మూడు వందల మంది చూస్తుండగా ఒక్కొక్క ముడే విప్పి, రెండు పట్టాలూ లాగేశాడు. రిచర్డ్ ఓ క్షణం ఆగి తాడందుకున్నాడు.

దూది రాలింది. ఫ్యాన్ల గాలికి లేచింది, తిరిగింది, చింతకొమ్మల్లో చిక్కుకుంది, మళ్లీ రాలింది. పిల్లలు వెర్రి కేకలు పెట్టారు. రోసమ్మ గారి మఫ్లరు మీద, ప్రేమమణి జడ మీద, జ్ఞానుల కిరీటాల మీద తెల్లగా పరుచుకుంది. డెబ్బైమూడు, అనుకున్నాడు జకర్యా, ఆగకుండా, ఓ మోస్తరుగా. అంత బాగుంది. అంత బాగున్నందుకు అప్పుడు కూడా కడుపు మండింది. అయినా అందరితో కలిసి చప్పట్లు కొట్టాడు.

జనం విడిపోయేటప్పుడు మెట్ల మీద రోసమ్మ గారు ఆగింది. జకర్యా దగ్గరికి వచ్చాడు. ఆవిడ అతన్ని దాటి అవతల ఉన్న రిచర్డ్‌ని పిలిచింది. "నాయనా, పొద్దున్నే అయిదింటి ఆరాధనకి ఎవరి గొడుగన్నా అడిగి తెచ్చుకోనా?"

రిచర్డ్ తల పైకెత్తాడు. "ఏమక్కర్లేదమ్మా. జూడుండ్రి, ఎన్ని చుక్కలున్నయో!"

జకర్యా తూర్పు దిక్కు చూశాడు. ఇళ్ల కప్పులకి ఆనుకుని, అట్టడుగున, మబ్బు మళ్లీ నల్లగా పేరుకుంటోంది. వాయుగుండం ఆలస్యమైంది, అంతే, ఎటూ పోలేదు. నోటిదాకా వచ్చింది. ఎవరు వింటారని మింగేశాడు.

తెల్లవారుజామున నాలుగింటికి రేకుల మీద టపటపా మొదలై, అయిదు నిమిషాల్లో కుండపోతైంది. ప్రేమమణి లేచేసరికి మొగుడు కోటు తొడుక్కుని, ఇంట్లో ఉన్న రెండు గొడుగులూ చేతిలో పట్టుకుని గడప దగ్గరున్నాడు.

"ఆ రెండూ తీసుకుపోతే మనకో?" అంది ఆవిడ. అతను అప్పటికే వీధిలో ఉన్నాడు.

మొదటిది రోసమ్మ గారి చేతికిచ్చి, ఆవిడ ఏదో అనబోతుంటే ఆగకుండా నడిచాడు. చర్చి పక్క సందులో రిచర్డ్ ఇంటి తలుపు కొట్టాడు. రిచర్డ్ తలుపు తీసి, నెత్తి మీంచి నీళ్లు కారుతున్న మనిషినీ, అతని చేతిలో మడిచి ఉన్న గొడుగునీ మార్చి మార్చి చూశాడు. గొడుగు అందుకోలేదు. పక్కకి జరిగి లోపలికి దారిచ్చి, తువ్వాలు తెచ్చి చేతిలో పెట్టాడు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి వాన చూశారు. సందు చివర, చర్చి ప్రహరీ మీద, రాత్రి పడిన మంచు నీళ్లకి జారి కాలవలోకి పోతోంది.

"ఎప్పటి దాంక కురుస్తది సార్?" అని అడిగాడు రిచర్డ్.

జకర్యా ఆకాశం చూడలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "తెలీదండీ," అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి.